పాఠకుల ప్రశ్నలు, జవాబులు: మన తీరం, మునిగిన ఓడలు

ఈ సంచికకు ప్రశ్నలన్నీ ఒకే విషయం మీద తీసుకున్నాము. సముద్రగర్భంలో జరిగే పురావస్తు పరిశోధన గురించి, మునిగిపోయిన పాత నౌకల గురించి, ఆ సంగతులు సామాన్యులకు ఎలా చేరాలన్న దాని గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరగ్రామాల నుంచే కాక, సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళ నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపి, అడిగినవారి మాట చెడకుండా కుదించి ఇస్తున్నాము.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. పూర్వం మన రేవుల నుంచి ఓడలు బర్మాకు, జావాకు వెళ్ళేవని పాఠం చెప్పినప్పుడల్లా "ఆ ఓడలేవి మాస్టారూ?" అని పిల్లలు అడుగుతారు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మన తీరంలో ప్రాచీన నౌక ఏదైనా దొరికిందా? దొరకకపోతే ఆ పాఠాన్ని పిల్లలు ఎందుకు నమ్మాలి?
— ఒక ఉపాధ్యాయుడు, గార మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పిల్లలు అడగవలసిన ప్రశ్నే అడిగారు. దానికి సూటిగానే జవాబు చెప్పండి. ప్రాచీన కాలపు నౌకను సముద్రం అడుగున శాస్త్రీయంగా తవ్వి వెలికితీసిన సందర్భం మన ఉత్తరాంధ్ర తీరంలో ఇంతవరకు లేదు. ఆ మాట దాచిపెట్టి గొప్పలు చెబితే పిల్లలకు అనుమానం రాక మానదు. అయితే నౌక దొరకకపోవడం వేరు, నౌకలు తిరగకపోవడం వేరు. ఈ తేడాను తరగతిలో విడమరిచి చెప్పగలిగితే సగం పాఠం అక్కడే పూర్తవుతుంది.

ఓడ మునిగిన తరువాత ఏమవుతుందో ముందు చెప్పండి. ఉప్పునీటిలో బురద పైన బయటికి ఉన్న చెక్కనంతా, ఆలుచిప్పల జాతికి చెందిన టెరిడో అనే పురుగు తొలిచి తినేస్తుంది. బురదలో కూరుకుపోయిన భాగానికి మాత్రం గాలి తగలదు కాబట్టి అది వందల, ఒక్కొక్కప్పుడు వేల ఏళ్ళు నిలుస్తుంది. మన తీరంలో వంశధార, నాగావళి వంటి నదులు ఏటేటా మోసుకువచ్చే ఒండ్రు ఓడను కప్పి కాపాడుతుంది, కాని దాన్నే మన కంటికి కనబడకుండా కూడా చేస్తుంది. పైగా నీరు కలకగా ఉండడంతో చేయి చాచిన దూరంలో ఉన్నది కూడా మునిగేవారికి కనిపించని రోజులే ఎక్కువ. ఇక వెతకడం అన్నది మన దేశంలో మొదలై ఎంతోకాలం కాలేదు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో 1981లో ఆచార్య ఎస్.ఆర్. రావు ఈ పనికి పునాది వేశారు. భారత పురావస్తు శాఖలో సముద్రగర్భ పరిశోధన విభాగం 2001లో ఏర్పడింది. జరిగిన పనిలో ఎక్కువ భాగం ద్వారక, గోవా, లక్షద్వీపాలు, తమిళనాడులోని పూంపుహార్ చుట్టూ నడిచింది. మన వైపు వెతికింది తక్కువ.

ఇప్పుడు చేతికందే ఆధారాలకు వద్దాం. మీ బడికి దగ్గరలోనే శాలిహుండం కొండ ఉంది. వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న ఆ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో గుర్తించి లోకానికి చెప్పినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. అక్కడ దొరికినవాటిలో రౌలెటెడ్ పాత్రలని పండితులు పిలిచే మట్టిపాత్రల పెంకులున్నాయి. సన్నగా, నున్నగా ఉంటాయి. పళ్ళెం లోపలి అడుగున చుట్లు చుట్లుగా, గోటితో నొక్కినంత చిన్న గాట్లు వరుసగా కనిపిస్తాయి. ఇదే రకం పాత్రలు పుదుచ్చేరి దగ్గరి అరికమేడులోనూ దొరికాయి, సముద్రానికి అవతల బాలి ద్వీపంలోని సెంబిరన్‌లోనూ దొరికాయి. మట్టిపాత్ర తనంతట తాను సముద్రం దాటదు. దాన్ని మోసుకుపోయిన ఓడ మనకు దొరకలేదు, కాని అది దింపిన సరుకు దొరికింది. ఈ ఒక్క సంగతి పిల్లల చేత పటం మీద గుర్తు పెట్టించండి, వాళ్ళే ఓడ దారి గీస్తారు.

యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణెం బొమ్మ కూడా చూపించండి. దాని మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ స్పష్టంగా ఉంటుంది. రాజు తన నాణెం మీద ఓడను వేయించాడంటే ఓడ వ్యాపారం ఆ రాజ్యానికి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. రెండవ శతాబ్దపు గ్రీకు భూగోళ రచయిత టాలెమీ, స్వర్ణభూమికి, అంటే ఆగ్నేయాసియా వైపు, వెళ్ళే ఓడలు తీరం విడిచి నడిసముద్రానికి మళ్ళే చోటు ఒకటి ఈ తూర్పు తీరాన ఉందని రాశాడు. ఆ చోటు కళింగ తీరంలోనిదేనని కొందరు పండితుల అభిప్రాయం.

ఓడను కూడా చూపించాలంటే శ్రీలంక దాకా వెళ్ళాలి. అక్కడి దక్షిణ తీరాన గొడవాయ అనే పల్లె ఎదుట, సుమారు 30 మీటర్ల లోతులో ఉన్న ఓడ హిందూ మహాసముద్రంలో ఇంతవరకు తెలిసినవాటిలో అతి పురాతనమైనది. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దానికి, క్రీస్తు శకం ఒకటవ శతాబ్దానికి మధ్య కాలానిదని నిర్ధారించారు. అందులో గాజు ముద్దలు, లోహపు ముద్దలు, నలుపు ఎరుపు మట్టిపాత్రలు, నందిపాదం, శ్రీవత్సం వంటి గుర్తులు చెక్కిన రాతి పీటలు ఉన్నాయి. నందిపాదం అంటే మన బౌద్ధ క్షేత్రాల శిల్పాల్లో పిల్లలు చూడగలిగిన గుర్తే. మన శాలిహుండం వెలుగుతున్న కాలంలోనే ఈ సముద్రంలో ఇటువంటి ఓడలు తిరిగాయని చెప్పడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు.

వీలైతే ఒకనాడు పిల్లలను శాలిహుండం కొండ మీదికి తీసుకువెళ్ళి పాఠం అక్కడే చెప్పండి. పైనుంచి వంశధార సముద్రంలో కలిసే దిక్కు చూపిస్తూ చెప్పిన మాట పుస్తకంలో చదివిన మాట కన్నా బాగా నిలుస్తుంది.

ప్రశ్న: మాది బారువ దగ్గర మత్స్యకారుల గ్రామం. మర బోటు మీద వేటకు పోతాం. వలలో అప్పుడప్పుడు పాత కుండలు, చిల్లులున్న రాళ్ళు, తుప్పు పట్టిన గడ్డలు పడుతుంటాయి. వల చిరుగుతుందని మళ్ళీ సముద్రంలోకే విసిరేస్తాం. వీటికి విలువ ఉంటుందా? ఎవరికైనా చెబితే ఆ చోట వేట ఆపించేస్తారని మా పెద్దలు భయపడతారు.
— ఒక యువ మత్స్యకారుడు, సోంపేట మండలం

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోచింది మీదే. కారణం ఏమిటంటే, ప్రపంచంలో పేరుపొందిన మునిగిన ఓడల్లో చాలావాటిని మొదట చూసింది శాస్త్రవేత్తలు కారు. మీలాగా సముద్రం మీద బతికేవారే చూశారు. పైన చెప్పిన గొడవాయ ఓడను 2003లో కనుగొన్నది శంఖాల కోసం మునిగే స్థానికులు. గ్రీసులో ఆంటికితెరా ఓడను 1900లో కనుగొన్నది స్పాంజీల కోసం మునిగేవారు.

టర్కీలోని ఉలుబురున్ ఓడ కథ మీరు తప్పక తెలుసుకోవాలి. జార్జ్ బాస్ అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం ఆ తీరంలోని రేవులకు వెళ్ళి, స్పాంజీల కోసం మునిగేవారిని కూర్చోబెట్టి, పాత ఓడల్లో ఎటువంటి సరుకు ఉంటుందో, అది నీటి అడుగున ఎలా కనిపిస్తుందో బొమ్మలు చూపి చెప్పేది. 1982లో కాష్ అనే ఊరి దగ్గర ఒక యువకుడు మునిగి పైకి వచ్చి, అడుగున "చెవులున్న లోహపు బిస్కెట్లు" ఉన్నాయని చెప్పాడు. వినేవారికి ఆ మాట పిచ్చిమాటలా తోచి ఉండవచ్చు. కాని అటువంటి బొమ్మలు రేవుల్లో ముందే చూపించి ఉండడం వల్ల, అవి నాలుగు మూలలూ సాగదీసినట్లుండే కంచు యుగపు రాగి దిమ్మెలని పోల్చుకోగలిగారు, ఆ కబురు శాస్త్రవేత్తలకు చేరింది. 1984 నుంచి 1994 వరకు తవ్వకం సాగింది. 44 మీటర్ల నుంచి 61 మీటర్ల లోతున్న చోట, ఒక్కొక్కసారి ఇరవై నిమిషాలకు మించి ఉండడానికి వీలుకాని పనిలో, మొత్తం ఇరవైరెండు వేలకు పైగా మునకలు వేశారు. పది టన్నుల రాగి, ఒక టన్ను తగరం, గాజు ముద్దలు, ఏనుగు దంతం, నల్లచేవ కర్ర బయటపడ్డాయి. మూడు వేల మూడువందల ఏళ్ళ నాటి వ్యాపారం ఎలా నడిచిందో ఆ ఒక్క ఓడ చెప్పింది. ఆ తవ్వకం గొప్పది, నిజమే. కాని రేవుల్లో కూర్చుని బొమ్మలు చూపించిన ఆ సాయంత్రాలు లేకపోతే తవ్వకమే లేదు. ప్రజలకు చెప్పడమన్నది పరిశోధన అంతా ముగిసిన తరువాత చేసే మర్యాద అని మనవాళ్ళు అనుకుంటారు. ఈ రంగంలో అది మొదటే జరగవలసిన పని.

ఇక మీ వలలో పడేవాటి సంగతి. చిల్లులున్న రాయి లంగరు కావచ్చు. ద్వారక దగ్గర మూడు రంధ్రాలున్న రాతి లంగర్లు ఎన్నో దొరికాయి. పై రంధ్రంలో తాడు కడతారు, కింది రంధ్రాల్లో కర్ర మేకులు దిగగొడితే అవి అడుగున ఇసుకను పట్టుకుంటాయి. తుప్పు గడ్డ అనుకునేది కూడా వట్టి తుప్పు కాకపోవచ్చు. సముద్రంలో ఇనుము చుట్టూ సున్నం, ఇసుక, చిప్పలు పేరుకుని రాయిలా గట్టిపడతాయి. లోపలి ఇనుము కాలక్రమంలో పూర్తిగా కరిగిపోయినా దాని ఆకారం మాత్రం ఖాళీగా, అచ్చులాగా మిగిలి ఉంటుంది. అది మేకో, కత్తో, గొలుసో ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది, సుత్తితో పగలగొడితే ఎప్పటికీ తెలియదు.

కుండ పడితే కడిగి, ఎండలో ఆరబెట్టవద్దు. మనవాళ్ళు శుభ్రం చేద్దామని చేసే ఈ పనే దానికి ఎక్కువ నష్టం చేస్తుంది. వందల ఏళ్ళు ఉప్పునీటిలో నానిన మట్టిపాత్ర ఒంటినిండా ఉప్పు ఇంకి ఉంటుంది. ఆరగానే ఆ ఉప్పు లోపల గడ్డకట్టి పెంకును పొరలు పొరలుగా చీలుస్తుంది. చెక్క అయితే ఆరిన కొద్ది రోజుల్లోనే ముడుచుకుని పగులుతుంది. ప్లాస్టిక్ బకెట్టులోనో, ఐసు పెట్టెలోనో అదే సముద్రపు నీరు పోసి, వస్తువు పూర్తిగా మునిగేలా ఉంచి, నీడలో పెట్టండి. మంచినీటిలో నెలల తరబడి నానబెట్టి మెల్లగా ఉప్పు తీసే పని తెలిసినవారు చేస్తారు.

వస్తువు కన్నా విలువైనది అది పడిన చోటు. బోటులో జీపీఎస్ ఉంటే ఆ అంకెలు రాసుకోండి, లేకపోతే ఫోనులో చోటు గుర్తు పెట్టండి. ఫోను అందని దూరంలో ఉంటే మీ సరంగులకు ఎలాగూ కొండ గుర్తులు తెలుసు. మహేంద్రగిరి ఏ దిక్కున, ఎంత ఎత్తున కనబడుతున్నదో చూసి చోటు చెప్పగల పెద్దలు మీ ఊళ్ళో ఉండే ఉంటారు. ఎంత లోతు, ఏ వల, అడుగు ఇసుకా బురదా రాయా అన్నది కూడా రాయండి. దాని కోసం ప్రత్యేకంగా మునిగి వెతకవద్దు. అది ప్రాణాపాయం, పైగా కదిపిన వస్తువు చెప్పవలసిన మాట చెప్పలేదు. రాసిన కాగితం, తీసిన ఫోటో మీ తహసీల్దారు కార్యాలయంలోనో, జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలోనో ఇచ్చి, రాష్ట్ర పురావస్తు శాఖకు పంపమని కోరుతూ రసీదు తీసుకోండి. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడికి కూడా ఒక ప్రతి పంపవచ్చు.

మీ పెద్దల భయాన్ని కాదనము. సముద్రం మీద ఏ కొత్త ఆంక్ష వచ్చినా ముందు నష్టపోయేది చిన్న వేటగాళ్ళే. అందుకే అధికారులకు కూడా ఇక్కడే ఒక మాట చెబుతున్నాము. ఓడ పడి ఉన్న చోటు సముద్రంలో చాలా చిన్నది. వల చిక్కుకుంటుందని అటువంటి చోట్లను మత్స్యకారులు ఎలాగూ తప్పించే పోతారు. కాబట్టి కాపాడడానికి వేట నిషేధమే దారి కాదు. ఆ గ్రామాన్నే కాపలాదారుగా చేసుకుని, చిరిగిన వలకు పరిహారం ఇచ్చి, దొరికినదాని పక్కన దొరికించినవారి ఊరి పేరు రాస్తే చాలు. చెప్పినవాడికి నష్టం, దాచినవాడికి లాభం అన్న పరిస్థితి ఉన్నంతకాలం వస్తువులు మళ్ళీ సముద్రంలోకే పోతాయి.

ప్రశ్న: 2022లో తుపాను రోజుల్లో సున్నాపల్లి రేవుకు బంగారు రంగు రథం కొట్టుకువచ్చింది కదా. అది ప్రాచీనమైనదా? అటువంటివి సముద్రగర్భ పురావస్తు శాఖ కిందికి వస్తాయా?
— ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: ప్రాచీనమైనది కాదు. అసాని తుపాను సమయంలో, 2022 మే నెలలో సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవు దగ్గరికి వచ్చిన ఆ కట్టడాన్ని మత్స్యకారులు తాళ్ళు కట్టి ఒడ్డుకు లాగారు. దాని గోపురపు తీరు బర్మా, థాయిలాండ్ వైపు బౌద్ధాలయాలను పోలి ఉంది. ఆధునిక కాలంలో చేసినదే. అయినా దాన్ని తేలికగా తీసివేయకూడదని మా అభిప్రాయం. బంగాళాఖాతానికి అవతలి ఒడ్డున నీటిపాలైన వస్తువు మన రేవుకు చేరగలదంటే, గాలి వాటాన్నీ ప్రవాహాలనూ ఎరిగిన కళాసులు ఆ దారిలో ఓడలు నడపడంలో వింత లేదు. ఆ వారంలో అక్కడ చేరిన వందలాది జనానికి ఎవరైనా ఒక పటం పట్టుకుని ఇది చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మరుసటి ఏడాది విశాఖ తీరానికి పెద్ద చెక్కపెట్టె కొట్టుకువచ్చినప్పుడు కూడా నిధి అన్న పుకారే ముందు పుట్టింది. జనం గుమికూడిన ఆ కొద్ది గంటల్లోనే తెలిసినవారు అక్కడికి చేరి మాట్లాడాలి. పుకారు ఊరు దాటిన తరువాత ఎన్ని ప్రకటనలు ఇచ్చినా వినేవారుండరు.

ప్రశ్న: మునిగిన ఓడల్లో బంగారం ఉంటుందని, విదేశాల్లో వాటిని తీసి అమ్ముకుని కోటీశ్వరులవుతున్నారని వీడియోల్లో చూస్తున్నాం. మన దగ్గర అలా తీస్తే తప్పేమిటి?
— ఒక పాఠకుడు, పూసపాటిరేగ

జవాబు: తప్పే. నూరేళ్ళు దాటిన వస్తువులను లైసెన్సు లేకుండా అమ్మడం, దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. సముద్రగర్భ వారసత్వం గురించి యునెస్కో 2001లో ఆమోదించిన ఒప్పందం కూడా నూరేళ్ళకు పైగా నీటిలో ఉన్నవాటిని వ్యాపార సరుకుగా చూడకూడదని చెబుతుంది.

చట్టం మాట అటుంచి, పూంపుహార్ దగ్గర మునిగిన ఒక ఓడలో దొరికినవి సీసపు దిమ్మెలు. పాత సామాను కొట్టువాడికి అమ్మితే ఏమంత డబ్బు రాదు. కాని వాటి మీద అచ్చు వేసిన తయారీదారు పేరు, 1791, 1792 అన్న సంవత్సరాలు ఆ ఓడ ఏ కాలానిదో, ఏ దేశపు గనుల సరుకు మన తీరానికి వచ్చేదో చెప్పాయి. దీనికి ఎదురుగా ఇండోనేసియాలోని బెలిటుంగ్ ఓడను చూడండి. తొమ్మిదవ శతాబ్దపు అరబ్బు ఓడ అది, సుమారు అరవై వేల చైనా పాత్రలున్నాయి. 1998లో స్థానికులకు కనబడింది. ఒక వ్యాపార సంస్థ దాన్ని వేగంగా తీయించి సరుకును సింగపూరుకు అమ్మింది. పాత్రలు అద్దాల పెట్టెల్లో చక్కగా ఉన్నాయి, కాని ఏది ఏ మూల, దేని పక్కన ఉందో తెలిపే వివరాలు చాలావరకు పోయాయని శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఆ కారణంగానే 2011లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ తాను తలపెట్టిన ప్రదర్శనను ఆపుకుంది. కట్టు తెంపి ఆకులు చెల్లాచెదరు చేసిన తాళపత్ర గ్రంథం ఎలాంటిదో, చోటు తెలియని ఓడ సరుకు అలాంటిది.

ప్రశ్న: విశాఖలో కురుసుర జలాంతర్గామిని ఒడ్డున పెట్టి మ్యూజియం చేశారు. బారువ దగ్గర మునిగిన చిల్కా ఓడను కూడా పైకి తీసి అలాగే పెడితే మా ప్రాంతానికి పర్యాటకులు వస్తారు కదా?
— ఒక కళాశాల విద్యార్థి, విజయనగరం

జవాబు: మీ కోరికలోని ప్రేమ అర్థమయింది, కాని ఆ దారి వద్దంటాము. కురుసుర మునిగిన నౌక కాదు. నౌకాదళంలో పని ముగించుకుని, చెక్కుచెదరని స్థితిలో ఒడ్డుకు వచ్చింది. సముద్రంలో ఏళ్ళకేళ్ళు పడి ఉన్న ఓడ అలా ఉండదు. స్వీడన్‌లో 1628లో మునిగిన వాసా నౌకను 1961లో పైకి తీశారు. చెక్కలోని నీరు ఆరిపోయి పగలకుండా, పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం వంటి ద్రవాన్ని పదిహేడేళ్ళ పాటు దాని మీద చిమ్ముతూనే ఉన్నారు. అయినా చెక్కలో ఇంకిన గంధకం ఆమ్లంగా మారుతున్నదని తరువాత తేలింది, ఆ వైద్యం నేటికీ సాగుతూనే ఉంది. ఇంగ్లండులో 1545లో మునిగి 1982లో పైకి వచ్చిన మేరీ రోజ్‌కు కూడా ముప్ఫై ఏళ్ళ చికిత్స పట్టింది. దీనికి డబ్బు ఒక్కటే చాలదు, తరతరాల పూచీ కావాలి. అందుకే ఉన్నచోటనే ఉంచి కాపాడడం మొదటి మార్గమని యునెస్కో ఒప్పందం చెబుతుంది. మన దేశంలో 2002లో లక్షద్వీపాల్లోని బంగారం అనే పేరున్న ద్వీపం దగ్గర ప్రిన్సెస్ రాయల్ అనే ఓడను పురావస్తు శాఖ, నౌకాదళం కలిసి పరిశోధించినప్పుడు కూడా ముఖ్యమైన వస్తువులను, వివరాలను తీసుకున్నారు తప్ప ఓడను పైకి లాగలేదు.

చిల్కా గత శతాబ్ది తొలి రోజుల్లో మునిగిన బ్రిటిష్ ఆవిరి ఓడ. ప్రాచీనమైనది కాకపోయినా నూరేళ్ళు దాటింది. దాని దగ్గరికి స్కూబా డైవర్లు వెళ్ళి వస్తున్నారు. వెళ్ళేవారు ఒక్క రివిట్టు కూడా తీయకుండా చూసి రావాలి. వారిని తీసుకువెళ్ళే పడవ, దారి చూపే మనిషి బారువ పల్లెలవారే కావాలి. ఆ ఓడ గురించి తాతల నాటి నుంచి వినవచ్చే మాటలను బోర్డు మీద రాసి ఒడ్డున పెట్టాలి. ఇది ఓడను తవ్వి తీసే ఖర్చులో వెయ్యవ వంతుతో జరిగే పని.

ప్రశ్న: మాలాంటివాళ్ళం సముద్రంలో మునగలేం. గోవాకో, విదేశాలకో పోయి మ్యూజియంలు చూడలేం. ఈ చరిత్ర మా దాకా వచ్చేదెలా?
— ఒక గృహిణి, రాజాం

జవాబు: నీటిలో దిగేవారు ఎప్పుడూ కొద్దిమందే. మిగిలినవారందరి కోసమే ఈ రంగంలో చూపించే విద్య పెరిగింది. మేరీ రోజ్‌ను పైకి ఎత్తిన రోజున కోట్లాది జనం టీవీలో ప్రత్యక్షంగా చూశారు. ఇప్పుడు ఓడ శిథిలాన్ని అన్ని వైపుల నుంచి వేల ఫోటోలు తీసి, వాటిని కంప్యూటరులో జోడించి, అటూ ఇటూ తిప్పి చూడగలిగే నమూనాగా తయారు చేస్తున్నారు. ఫోనులోనే చూడవచ్చు. ఇటువంటివాటికి తెలుగు వ్యాఖ్యానం చేర్చడం పెద్ద ఖర్చు కాదు, చేయాలన్న పట్టుదల కావాలి.

ఇంకొక దారి, పాత పద్ధతిలో ఓడను మళ్ళీ కట్టడం. అజంతా చిత్రంలోని ఓడను ఆధారంగా తీసుకుని, మేకులు లేకుండా పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి కట్టిన కౌండిన్య అనే నౌకను 2025 మే నెలలో కార్వారులో మన నౌకాదళంలో చేర్చుకున్నారు. ఈ విద్య మనకు పరాయిది కాదు. మేకు కొట్టిన పడవ అలల తాకిడికి ఇసుక మీద పడితే బీటలు వారుతుంది. కుట్టిన పడవ మాత్రం కొద్దిగా వంగి, దెబ్బను తట్టుకుంటుంది. అందుకే రేవుకట్ట లేని మన తూర్పు తీరమంతటా, ఓడల నుంచి ఒడ్డుకు మనుషులను, సరుకును చేర్చడానికి మసూలా అనే కుట్టుపడవలను వాడేవారు. పలకల అంచుల్లో వరుసగా రంధ్రాలు వేసి, రెండు పలకల సందున పీచు దూర్చి, దాని మీదుగా తాడు బిగించి లాగేవారు. ఆ బిగింపు చేతులతో చేసిన పెద్దలు, చేయగా చూసినవారు తీరగ్రామాల్లో ఇంకా ఎవరైనా ఉంటే వారి మాటలను ఇప్పుడే రికార్డు చేయాలి. మీ బంధువుల్లో కళింగపట్నం, భావనపాడు, కోనాడ వైపు వారుంటే, ఈసారి వెళ్ళినప్పుడు ఆ ఇంటి పెద్దలను పడవ ఎలా కట్టేవారో, ఏ కర్ర వాడేవారో, ఏ నెలలో సముద్రంలోకి దింపేవారో అడిగి ఫోనులో మాట పట్టండి. వారు చెప్పినది చెప్పినట్లే, వారి యాసలోనే ఉంచి, ఊరి పేరు, వయసు, తేదీ రాసి మా కార్యాలయానికి పంపితే వచ్చే సంచికల్లో వరుసగా ప్రచురిస్తాము.